విరగని ముక్క

2022 ఆగస్టు 6. బర్మింగ్‌హామ్. కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ క్వార్టర్ ఫైనల్. నెట్‌కి అవతల మలేషియా అమ్మాయి గో జిన్ వీ. ఇవతల మన పూసర్ల వెంకట సింధు. మొదటి గేమ్ చేజారింది, 19-21. రెండోది లాక్కుంది, 21-14. మూడోది ఎటైనా పోవచ్చు. వెనక గీత దాకా ఉరికి, ఎగిరి స్మాష్ విసిరి, నేల తాకీ తాకగానే నెట్ దగ్గరికి దూకి, ఒంటి బరువంతా ఒక్క పాదం మీద ఆపుకుని, అదే పాదంతో నేలని తన్ని మళ్ళీ వెనక్కి పరిగెత్తి, ఇంకో షటిల్ కోసం ఇంకోసారి గాల్లోకి లేవాల్సిన ఆట అది. ఆ పరుగులో ఎక్కడో ఎడమ కాలు కలుక్కుమంది.

ఆగలేదు. 21-18. గెలిచింది. కోర్టు దిగాక చూస్తే నొప్పి తనతోపాటే వచ్చింది.

కోచ్, ఫిజియో, ట్రైనర్ చుట్టూ చేరారు. తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఆడాలా, మానాలా? కామన్వెల్త్ సింగిల్స్‌లో 2014 గ్లాస్గోలో కాంస్యం వచ్చింది. 2018 గోల్డ్‌కోస్ట్‌లో రజతం వచ్చింది. స్వర్ణం రాలేదు. ఇంకా రెండే మ్యాచ్‌లు. కాలు ఎంతవరకు వస్తే అంతవరకు లాగుదామనుకున్నారు. ఆ కాలు ఎంతవరకు వస్తుందో మాత్రం ఎవరికీ తెలీదు.

మర్నాడు సెమీస్. సింగపూర్ అమ్మాయి యో జియా మిన్. 21-19, 21-17. ఆ మర్నాడు ఫైనల్. ఎదురుగా కెనడా నుంచి మిషెల్ లీ. ఎనిమిదేళ్ళ కిందట గ్లాస్గో సెమీస్‌లో సింధుని ఓడించి ఆ ఏటి స్వర్ణం ఎగరేసుకుపోయిన మనిషి. సింధు ఎడమ కాలికి పట్టీ ఉంది. 21-15. 21-13. స్వర్ణం మెడలో పడింది. నొప్పి మాత్రం ఆట జరుగుతున్నప్పుడూ, ఆట అయిపోయాకా భరించలేనంతగా ఉందని తర్వాత తనే చెప్పింది. ఆగస్టు 22న టోక్యోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలవుతుంది. చేతిలో రెండే వారాలు. హైదరాబాద్‌లో దిగీ దిగగానే బండి ఎమ్మారై వైపు తిరిగింది.

ఎమ్మారై అంటే చల్లటి గది. పాదాన్ని ఒక తొడుగులో పెట్టి బిగిస్తారు. కదలొద్దంటారు. తర్వాత మోత మొదలవుతుంది. డబడబా, టకటకా, మధ్యలో ఒక క్షణం నిశ్శబ్దం, మళ్ళీ డబడబా. గాజు పలక అవతల చీకటి గదిలో తెర మీద పాదం పొరలుపొరలుగా విచ్చుకుంటుంది. కొవ్వు తెల్లగా, టెండన్లు నల్లగా. చూసేవాళ్ళు ముక్క తర్వాత ముక్క లెక్కపెట్టుకుంటూ పోతారు. పుస్తకం ప్రకారం పాదంలో 26 ఎముకలు. అయితే పాదాలు పుస్తకం చదువుకుని పెరగవు. లెక్క ఒక్కోసారి 27 తేలుతుంది. 28 కూడా.

ఆ అదనపు ముక్క దగ్గరే చూసేవాళ్ళ చెయ్యి ఆగిపోతుంది. ఇది విరిగి ఊడిన ముక్కా? లేక ఆ మనిషితోపాటు పెరిగిన ముక్కా? విరగనిదాన్ని విరిగిందనుకుంటే అనవసరంగా వారాలకి వారాలు కట్టు, పోయిన సీజను, ఒక్కోసారి కత్తి కూడా. విరిగినదాన్ని పెరిగిన ముక్కే అనుకుంటే ఇంకా ఘోరం. ఆ కాలితోనే మళ్ళీ ఎగరమని చెప్పి పంపేస్తాం. ఈ చిక్కుముడి ఇవాళ్టిది కాదు. ఎమ్మారైకి ముందుది. ఎక్స్‌రేకి కూడా ముందుది. మొదట ముడిపడింది ఆస్పత్రిలో కాదు, శవాల గదిలో.

*

కెనడాలో మాంట్రియల్. మెక్‌గిల్ యూనివర్సిటీ. పంతొమ్మిదో శతాబ్దంలో శవాల్ని కోసి పాఠం చెప్పాలంటే చలికాలమే దిక్కు. చలి ఉంటేనే శరీరం నిలవుంటుంది. నిలవ సంగతి సరే, అసలు శవాలు దొరికేవి కావు. రాత్రిపూట కుర్రాళ్ళు కోట్ దె నేజ్ కొండ మీద శ్మశానానికి వెళ్ళి, దొరికిన శరీరాన్ని దుప్పట్లో చుట్టి, మంచు మీద జారే బల్లకి కట్టి కొండ దిగువకి జార్చుకుంటూ తెచ్చేవాళ్ళు. ఇది ఎవరో అల్లిన కథ కాదు. ఆ గదిలో అనాటమీ నేర్పిన ఫ్రాన్సిస్ షెపర్డే ముసలితనంలో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఒక రోజు ఒక పాదం ఆయన బల్ల మీద ఉంది.

షెపర్డ్‌కి అప్పటికి ముప్పై ఏళ్ళు. చెయ్యి చురుకు. కన్ను ఇంకా చురుకు. చీలమండలో కాలి ఎముకల కింద, మడమ ఎముక పైన కూర్చుని ఉండే ఎముక టేలస్. దాని వెనక అంచున ఒక గాడి. బొటనవేలిని కిందికి వంచే టెండన్ ఆ గాడిలోంచి జారుతుంది. గాడికి బయటి వైపున చిన్న గట్టు. ఆ గట్టు దగ్గర కత్తి మొన ఆగింది. గట్టు కదిలింది. టేలస్‌కి అతుక్కుని ఉండాల్సిన ఎముక విడిగా ఊగుతోంది.

విరిగిందనుకున్నాడు. ఇంకేమనుకుంటాడు? ఇంకొన్ని పాదాలు చూశాడు. మళ్ళీ కనబడింది. అదే చోటు, అదే ముక్క. ఎవరూ రాయని ఫ్రాక్చర్ ఇది అనిపించింది. అయితే షెపర్డ్ నిజాయితీ ఉన్న మనిషి. మాట చెప్పేముందు పరీక్ష పెట్టుకున్నాడు. శవాల పాదాల్ని తీసుకుని బలవంతంగా వంచాడు, తిప్పాడు, మెలిపెట్టాడు. ఆ గట్టు విరిగితే తన మాట నిలుస్తుంది.

విరగలేదు.

ఎంత ప్రయత్నించినా అక్కడ ఆ ముక్క ఊడిరాలేదు. అయినా ఆయన తన మాటకే కట్టుబడ్డాడు. 1882లో బ్రిటన్‌లో వెలువడే అనాటమీ, ఫిజియాలజీ పత్రికకి వ్యాసం పంపాడు. ఇంతవరకు ఎవరూ వర్ణించని టేలస్ ఫ్రాక్చర్ అని పేరు పెట్టాడు. వ్యాసం 79వ పేజీలో మొదలై 81లో ముగిసింది. చదివినవాళ్ళు పేజీ తిప్పారు. 82వ పేజీలో ఇంకొకాయన కాచుకుని ఉన్నాడు.

ఎడిన్‌బరోలో అనాటమీ ప్రొఫెసర్ విలియం టర్నర్. ఆ పత్రికని మొదలుపెట్టి నడిపిస్తున్నవాళ్ళలో ఒకడు. షెపర్డ్ వ్యాసం వెన్నంటే ఆయన జవాబు అచ్చయింది. రెండు పేజీలే. ఇది ఫ్రాక్చర్ కాదు, టేలస్ వెనక విడిగా గట్టిపడి విడిగానే ఉండిపోయిన రెండో ఎముక అన్నది దాని సారం. వేల మైళ్ళ దూరంలో ఇద్దరు పెద్దలు ఒకే ముక్క చూశారు. ఒకరికి గాయం కనబడింది. ఒకరికి ఎదుగుదల కనబడింది. ఒక తప్పు మాట ఇలా పక్క పేజీలోనే సవాలు ఎదుర్కోవడం వైద్య చరిత్రలో తరచుగా జరిగేది కాదు. మరి గెలిచిందెవరు?

టర్నర్‌దే పైచెయ్యి. చిన్నపిల్లల్లో టేలస్ వెనక భాగం మెత్తటి మృదులాస్థిగా మొదలవుతుంది. ఏడు నుంచి పదమూడేళ్ళ మధ్య అక్కడ ప్రత్యేకంగా ఒక ఎముక చుక్క పుడుతుంది. మామూలుగా ఏడాది తిరిగేలోపు అది టేలస్‌లో కలిసిపోతుంది. కొందరిలో కలవదు. కలవక మిగిలిపోయిన ఆ ముక్కకే తర్వాత బార్డెలెబెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆస్ ట్రైగోనమ్ అని పేరు పెట్టాడు. ఆ మాటకొస్తే రోసెన్‌ముల్లర్ అనే ఇంకో జర్మన్ 1804లోనే దాన్ని చూసి రాశాడు. షెపర్డ్ మొదటివాడు కాదు, టర్నరూ కాదు.

అలాగని షెపర్డ్‌ని కొట్టిపారెయ్యలేం. ఆ గట్టు విరగడం నిజంగానే జరుగుతుంది. బంతి తన్నబోయి పాదం గట్టిగా కిందికి వంగితే, ఎత్తు నుంచి జారిపడితే విరుగుతుంది. అప్పుడు డాక్టర్లు రాసే పేరు ఇవాళ్టికీ షెపర్డ్ ఫ్రాక్చరే. అంటే ఒకే చోట ఒకేలా కనబడేవి రెండున్నాయి. ఒకటి గాయం, ఒకటి కాదు. 1882 నాటికి తేల్చుకోవాలంటే కొయ్యడం ఒక్కటే దారి. బతికున్న మనిషి పాదంలో చూడాలంటే ఇంకో పదమూడేళ్ళు ఆగాలి.

1895 నవంబరు 8. జర్మనీలో వుర్జ్‌బర్గ్. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనుక్కున్నాడు. మరుసటి ఏడాది, అప్పట్లో జర్మనీ చేతిలో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ ఫిట్జ్‌నర్ అనే అనాటమీ పండితుడు పాదంలో ఎక్కడెక్కడ ఎలాంటి అదనపు ముక్కలు దొరుకుతాయో పెద్ద పట్టీ అచ్చువేశాడు. ఒకే సమయంలో ఒకచోట దీపం వెలిగింది, ఒకచోట పటం గీశారు. రెండూ చేతిలో ఉన్నవాడు పొరబడే వీల్లేదు. కానీ ఆస్పత్రుల్లోకి ఎక్స్‌రే వెళ్ళినంత వేగంగా ఫిట్జ్‌నర్ పట్టీ వెళ్ళలేదు. తెర మీద ముక్క కనబడగానే కట్టు వేసిన రోజులు అలా మొదలయ్యాయి.

*

మళ్ళీ 2022. ఆగస్టు 13. హైదరాబాద్. సింధు తనే ప్రకటించింది.

ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్. అదనపు ముక్క కాదు, భ్రమా కాదు. నిజమైన పగులు. దెబ్బ తగిలి విరిగింది కాదు. వేలసార్లు అదే చోట అదే బరువు పడితే, మరమ్మతుకి శరీరానికి వ్యవధి లేకపోతే, ఎముకలో సన్నగా పుట్టే బీట. డాక్టర్లు కొన్ని వారాలు విశ్రాంతి అన్నారు. 2013 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఐదు పతకాలు, 2019లో బాసెల్‌లో ఒకుహారాని 21-7, 21-7తో ఊదేసిన స్వర్ణం, 2021లో అదే టోక్యోలో ఒలింపిక్ కాంస్యం ఉన్న అమ్మాయి టోక్యో టికెట్టు వదులుకుంది. 2015లోనూ ఎడమ పాదంలో ఇలాంటి పగులే తనని నెలల తరబడి కూర్చోబెట్టింది. కాబట్టి వారాలంటే ఎన్ని వారాలో తనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎమ్మారైకే ఎందుకు పరిగెత్తింది? ఇలాంటి బీట మొదటి రెండు మూడు వారాలు మామూలు ఎక్స్‌రేకి చిక్కదు. ఫిల్ము శుభ్రంగా వస్తుంది. కాలు మాత్రం నేల మీద పెట్టనివ్వదు. ఎమ్మారై చూసేది ఎముక పై అంచుని కాదు, లోపలి మజ్జని. నలిగిన మజ్జలోకి నీరు చేరుతుంది. నీటిని పట్టుకునే చిత్రాల్లో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు మధ్యలో నల్లటి సన్నగీత కనబడిందా, పగులు ఖాయం. ఎక్స్‌రే ఉన్న పగులుని దాచేస్తుంది. అదే ఎక్స్‌రే లేని పగులుని చూపించి భయపెడుతుంది. ఈ రెండో మోసానికి ఎక్కువగా దొరికిపోయేవాళ్ళు ఎవరో తెలుసుకోవాలంటే బెజవాడ రావాలి.

*

విజయవాడ, ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియం. 2016లో ఈ మైదానం రెండుసార్లు నిండింది. మొదటిసారి ఆగస్టు 23. కృష్ణా పుష్కరాల ఆఖరి రోజు. రియో నుంచి రజతంతో వచ్చిన సింధుకి ఇక్కడే సన్మానం. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఉండదా మరి? తల్లి విజయ ఈ ఊరి ఆడపడుచు, వాలీబాల్ ఆడిన మనిషి. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో వాలీబాల్ కాంస్యం గెలిచిన జట్టులో వాడు. నాలుగు నెలలు తిరిగాయి. మళ్ళీ జనం. ఈసారి మైదానం నిండా ఉన్నది ప్రేక్షకులు కాదు.

డిసెంబరు 25. అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనం ఆఖరి రోజు. పచ్చికలో వరసలు వరసలుగా 6,117 మంది నర్తకీనర్తకులు. పట్టుబట్టలు, జడలు, పాపిటబిళ్ళలు, కాళ్ళకి గజ్జెలు. ఒక్క సైగ. ఆరు వేల చిల్లర కుడిపాదాలు ఒక్కసారి లేచాయి, ఒక్కసారి దిగాయి. తర్వాత ఎడమవి. మహాబృంద నాట్యం గిన్నిస్ రికార్డు అయింది. పేపర్లన్నీ ఆ అంకెనే రాశాయి. అదే అంకెలో దాక్కున్న ఇంకో లెక్క మాత్రం ఎవరూ వెయ్యలేదు.

టేలస్ వెనక ముక్క నూటికి ఏడుగురి నుంచి పాతిక మంది దాకా ఉంటుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. తక్కువలో తక్కువ ఏడే వేసుకున్నా ఆ మైదానంలో నాలుగు వందల మందికి పైగా తేలతారు. పాదం లోపలి వైపు, చీలమండకి కాస్త ముందు, నేవిక్యులర్ ఎముక పక్కన ఉండే అదనపు ముక్క ఇంకొకటి. అది సుమారు పదిమందిలో ఒకరికి. అంటే మరో ఆరు వందలు. వీళ్ళలో చాలామందికి జీవితాంతం ఆ సంగతే తెలీదు. తెలియక్కర్లేదు కూడా. నొప్పి లేని ముక్క రోగం కాదు. కానీ నొప్పి వచ్చే ఆ కొద్దిమంది సంగతి?

బెజవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని, పామర్రు దాటి, మొవ్వ వైపు తిరిగితే కాలవల వెంట వరిచేల మధ్య కూచిపూడి. నాట్యగురువు వెంపటి చినసత్యం పుట్టిన ఊరు. ఈ చుట్టుపక్కల పిల్లలు ఏడెనిమిదేళ్ళకే అడుగులు మొదలుపెడతారు. సరిగ్గా టేలస్ వెనక ఆ చుక్క గట్టిపడే వయసు. అరమండిలో కూర్చోవడం, మునివేళ్ళ మీద లేవడం, మడమతో నేలని కొట్టడం. చెప్పులుండవు. మెత్తటి చెక్క నేల అందరికీ దొరకదు. గచ్చు మీదే. ఇలాంటి ఊళ్ళో పన్నెండేళ్ళ పిల్ల ఒకతె ఉందనుకోండి.

సాయంత్రం సాధన అయింది. పిల్ల కుంటుతూ గుమ్మం ఎక్కింది.

"ఏమే, నడక మారిందేంటే?"

"మడమ వెనకాల గుచ్చుతోందమ్మమ్మా. మునివేళ్ళ మీద లేస్తే ప్రాణం పోతోంది."

అమ్మమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. రెండు రోజులు తగ్గింది. మళ్ళీ గజ్జె కట్టగానే వచ్చింది. క్రేప్ బ్యాండేజీ చుట్టారు. మాస్టారు వారం ఆగమన్నారు. వారం ఆగారు. తగ్గలేదు. చివరికి తండ్రి బస్సెక్కించి బెజవాడ తీసుకొచ్చాడు. సూర్యారావుపేటలో ఏ వీధిలో దిగినా ఆస్పత్రే, ఏ మెట్లెక్కినా స్కానింగ్ సెంటరే. ఎక్స్‌రే తీశారు. ఫిల్ముని దీపం పెట్టెకి తగిలించగానే చీలమండ వెనక ఒక ముక్క విడిగా కనబడింది. తండ్రి గొంతు తడారింది. "విరిగిందాండీ డాక్టరుగారూ?"

ఇక్కడ డాక్టరు నోటి నుంచి వచ్చే తర్వాతి మాట మీదే ఆ పిల్ల నాట్యం ఆధారపడి ఉంది.

తొందరపడని డాక్టరు ముందు ముక్క అంచు చూస్తాడు. కొత్తగా విరిగిన ఎముకకి అంచు పదునుగా, గరుగ్గా ఉంటుంది. విరిగిన వైపున గట్టి తెల్లటి పొర ఉండదు. అవతలి ఎముకలో దానికి సరిపడే గాటు ఉంటుంది, రెండూ దగ్గరికి జరిపితే అమిరిపోతాయి. పెరిగిన ముక్క అలా ఉండదు. గుండ్రంగానో మూడుమూలలుగానో ఉంటుంది. చుట్టూ నునుపైన తెల్లటి గీత పూర్తిగా తిరిగి ఉంటుంది. పక్క ఎముకకీ దానికీ మధ్య సమంగా ఉండే సందు. ఇంకా అనుమానముంటే రెండో కాలు ఫిల్ము తీయిస్తాడు. అక్కడా ఇలాంటి ముక్కే ఉంటే సగం భయం పోతుంది. లేకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు. ఒక్క కాల్లోనే ఉండేవాళ్ళు చాలామంది. పైగా పన్నెండేళ్ళ వయసు. ఆ చుక్క కాస్త ఆలస్యంగా అతుక్కునే పనిలో ఉండొచ్చు కూడా.

సరే, విరగలేదని తేలింది. మరి ఆ నొప్పి ఎక్కడిది?

నాట్యం అదే చెబుతుంది. మునివేళ్ళ మీద లేచినప్పుడు కాలి ఎముక కింది అంచు వెనక్కి వాలుతుంది. మడమ పైకి లేస్తుంది. మధ్యలో ఆ ముక్క. అడకత్తెరలో పోకచెక్క అని మనం ఊరికే అనే మాట ఈ పాదంలో అక్షరాలా జరుగుతోంది. లేచిన ప్రతిసారీ నొక్కు. ముక్కని టేలస్‌కి కలిపి ఉంచే మెత్తటి మృదులాస్థి నలుగుతుంది. పక్కనే గాడిలో జారే బొటనవేలి టెండన్ ఒరుసుకుపోయి తొడుగులో నీరు పడుతుంది. మామూలుగా నడిచేవాళ్ళ పాదం అంతగా వంగదు. అందుకే అదే ముక్క పక్కింటి పిల్లని ఏమీ చెయ్యదు.

దీన్ని నర్తకుల కాళ్ళలో కూలంకషంగా చదివి రాసినవాడు న్యూయార్క్ సిటీ బ్యాలే డాక్టరు విలియం హ్యామిల్టన్. బ్యాలేలో కాలి వేళ్ళ కొస మీద నిలబడతారు. పాదం అంతకన్నా కిందికి వంగడం కుదరదు. టెండన్ ఇరుకు ఒక రోగం, ముక్క నలగడం ఇంకో రోగం, రెండూ పక్కపక్కనే ఉండి ఒకదానికొకటి ముసుగేసుకుంటాయని ఆయన వ్యాసం వచ్చింది 1982లో. షెపర్డ్, టర్నర్ వాదులాడుకున్న సరిగ్గా నూరేళ్ళకి. కూచిపూడి అడుగుకి అలాంటి పెద్ద అధ్యయనం ఎవరైనా చేసితీరాలి. ఇంత పాత నాట్యం, ఇన్ని వేల పాదాలు, చుట్టూ ఇన్ని మెడికల్ కాలేజీలు ఉన్నాయి.

లోపలి వైపు, నేవిక్యులర్ పక్కన ఉండే ముక్క కథ వేరు. చూస్తే చీలమండ కింద బొడిపె తెలుస్తుంది, బూటు వేసుకుంటే ఒరుసుకుంటుంది. పాదం వంపుని పైకి పట్టి ఉంచే టెండన్ వచ్చి అతుక్కునేది అక్కడే. ముక్క టెండన్‌లో ఎక్కడో చిన్నగా తేలుతూ ఉంటే ఫర్వాలేదు. ఎముకకి మృదులాస్థితో సగం సగం అతుక్కున్న రకంతోనే గొడవ. కాలు మెలిక పడిన రోజు ఆ అతుకు కదులుతుంది. అందరూ బెణుకు అంటారు. నెలలు గడిచినా తగ్గదు. చెప్పులో దన్ను పెట్టి, వ్యాయామాలు చేయించి, అప్పటికీ లొంగకపోతే ముక్క తీసేసి టెండన్‌ని మళ్ళీ కుదురుగా అతికిస్తారు. 1929లో అమెరికాలో కిడ్నర్ రాసిన పద్ధతి, మార్పుచేర్పులతో ఇప్పటికీ నడుస్తోంది. పాదం బయటి అంచున ఉండే ముక్క ఇంకో రకం. ఎప్పుడూ ఉండే చోటు నుంచి అది జరిగి వెనక్కి పోయి కనబడితే ముక్క సంగతి పక్కన పెట్టాలి. తెగింది దాన్ని మోస్తున్న టెండన్.

సూర్యారావుపేటలో పిల్ల ఇంకా బల్ల మీదే కూర్చుని ఉంది. ఎక్స్‌రే ముక్క ఉందని చెప్పింది. నేరం దానిదేనని చెప్పలేదు. ఎమ్మారై తీశారు. ముక్క లోపల మజ్జ తెల్లగా మెరుస్తోంది, ముక్క చుట్టూ నీరుంది. అనుమానం బలపడింది. అప్పటికీ నమ్మరు. నమ్మకూడదు కూడా. ఎందుకంటే నొప్పే లేని నర్తకుల పాదాల్లోనూ ఆ తెలుపు కాస్తో కూస్తో కనబడుతూనే ఉంటుంది.

ముందు దారి మెత్తనిదే. మునివేళ్ళ అడుగులు కొన్ని వారాలు బంద్. అవసరమైతే పాదం కదలకుండా పట్టే బూటు. ఫిజియోథెరపీ. చాలామంది ఇక్కడితోనే బయటపడతారు. బయటపడకపోతే, కత్తి మాట ఎత్తేముందు ఒక పరీక్ష మిగిలి ఉంది.

బోర్లా పడుకోబెడతారు. మడమ వెనక చల్లటి జెల్లు. అల్ట్రాసౌండ్ తెర మీద ముక్క తెల్లటి వంపుగా మెరుస్తుంది. సన్నటి సూది మెల్లగా దిగి సరిగ్గా ఆ ముక్కా టేలసూ కలిసే సందులో ఆగుతుంది. మొద్దుబార్చే మందు, కొద్దిగానే. ఎక్కువ పోస్తే పక్కకి పాకుతుంది, పరీక్ష చెడుతుంది. కాసేపాగి నిలబడమంటారు. మునివేళ్ళ మీద లేవమంటారు. నొప్పి మాయమైతే దోషి దొరికినట్టే, ఆర్థ్రోస్కోపీతో రెండు చిన్న గాట్లలోంచి ఆ ముక్క తీసేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ గజ్జె కట్టొచ్చు. నొప్పి అలాగే ఉంటే మాత్రం ఫిల్ము మీద ఎంత స్పష్టంగా కనబడుతున్నా ఆ ముక్క జోలికి పోకూడదు. వెతుకులాట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి: బొటనవేలి టెండన్ తొడుగులో, టేలస్ పై మృదులాస్థిలో, ఇంకా ఎక్స్‌రేకి చిక్కని పగుల్లో.